రవ్వ టీకాల పుస్తకం

ఎలీషా పోయింది గురువారం. ఉదయం పది గంటలకు పటమటలోని పెట్ క్లినిక్‌కు వచ్చి అతను కృప పక్కన కూర్చోవాలి. పది నిమిషాల ముందు ఆటోనగర్ గేటు దగ్గర ఒక లారీ అతని బైకును వెనక నుంచి గుద్దింది. హ్యాండిల్‌కు తగిలించిన ప్లాస్టిక్ బుట్టలోని పిల్లి మాత్రం బతికింది.

అది అతని పిల్లి కాదు. మీటింగ్ ఉన్నప్పుడల్లా పక్కింటివాళ్లను అడిగి తెచ్చేవాడు. కుక్కతో ఒకరు, పిల్లితో ఒకరు ఒకే బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటే ఎవరికీ అనుమానం రాదు. ఆ ఏర్పాటు కృపదే.

లోకం దృష్టిలో కృప డిజిటల్ నోమాడ్. ఒక ల్యాప్‌టాప్, ఒక బ్యాగు, రవ్వ అనే ఊరకుక్క. ఒక ఊళ్లో కొన్ని నెలలుండి, వెబ్‌సైట్లు డిజైన్ చేసుకుంటూ, మరో ఊరికి వెళ్లిపోయే ఒంటరి ఆడమనిషి. అసలు ఉద్యోగం నిఘా డిపార్ట్‌మెంట్‌లో. ఏజెంట్‌గా ఆమెకిది నాలుగో ఏడు.

మధ్యాహ్నం గవర్నర్‌పేటలోని ఒక లాడ్జికి వెళ్లింది. పై గదిలో ఆమె అధికారి జాన్‌బాబు ఎదురు చూస్తున్నాడు. మేనేజరు రవ్వను చూసి అడ్డం నిలబడ్డాడు.

"మీరు వెళ్లండి మేడమ్. అది కింద ఉంటుంది."

"అరవదండీ."

"అరవని కుక్కతోనే భయమండి."

రవ్వను కౌంటర్ కాలికి కట్టి ఆమె పైకి వెళ్లింది. జాన్‌బాబు టేబుల్ మీద మూడు ఫొటోలు పరిచి ఉన్నాయి. ముగ్గురూ ఆటోనగర్‌లో వాహనాలకు బాడీలు కట్టే షెడ్ల ఓనర్లు.

"మూడు షెడ్లలో మూడు రాడార్ వ్యాన్లు. శనివారం పదకొండింటికి తీరం కాపలాకు బయలుదేరతాయి. ఒకదాని ఫ్లోర్ కింద విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్ పెట్టించింది. ఎలీషా మూడు షెడ్లకూ తిరిగే వెల్డర్. ఏ వ్యానో ఇవాళ చెప్పాల్సింది."

"మూడూ ఆపేద్దాం సార్."

"ఆపిన మరుక్షణం దాన్ని రిమోట్‌తో కాల్చేస్తారు. సాక్ష్యం పోతుంది, పెట్టినవాడూ తప్పించుకుంటాడు. ఆర్నెల్లకు ఇంకో షెడ్డు పట్టుకుంటారు." జాన్‌బాబు తలెత్తాడు. "ఇవాళ్టి మీటింగ్ ఎవరెవరికి తెలుసు?"

"మీకు, నాకు, ఎలీషాకు."

"అతను లేడు. ఇక మీరూ నేనూ మిగిలాం."

"నేను కాదండీ."

"ఎక్కడైనా రాసుకున్నారా?"

"లేదు."

కిందికి వచ్చి రవ్వకు నీళ్లు పోయడానికి బ్యాగు తెరిచింది. గిన్నె కింద టీకాల పుస్తకం ఉంది. రవ్వకు చర్మం మీద దురద. పదిహేను రోజులకోసారి ఇంజెక్షన్. వేసినప్పుడల్లా డాక్టరు ఆ పుస్తకంలో మళ్లీ రావలసిన తేదీ, టైమూ, క్లినిక్ పేరూ రాసి సంతకం పెడతాడు. చివరి పేజీలో గురువారం పది గంటలని పెద్ద అక్షరాల్లో ఉంది. ఎలీషాను కలిసేది ఎప్పుడూ ఆ తేదీల్లోనే; క్లినిక్ దగ్గర కాపు కాస్తే చాలు, ఆమె పక్కన కూర్చునేదెవరో తెలిసిపోతుంది.

కృప మళ్లీ మెట్లెక్కింది.

"నేను రాయలేదు సార్. డాక్టరు రాశాడు."

"ఆ పుస్తకం ఎవరు చూశారు?"

కృప ఫీల్డుకు వెళ్లినప్పుడల్లా రవ్వను అక్షయ దగ్గర వదిలేది. అవసరపడుతుందని పుస్తకం కూడా ఇచ్చేది. అక్షయ ట్రావెల్ వీడియోలు తీస్తుంది. ఆమె నడిచి వెళుతుంటే బందరు రోడ్డు మీద బైకులు నెమ్మదిస్తాయి. గోవాలో పరిచయమై ఇక్కడికీ వచ్చింది. ఒంటరి ఆడదానికి, అందులోనూ కుక్కతో, ఇల్లు ఇవ్వం అని ఏడుగురు ఓనర్లు తలుపేస్తే, ఎనిమిదో ఇంటికి అక్షయే వెంట వచ్చి "మా అక్కండీ, పూచీ నాది" అంది. ఇప్పుడు ఇద్దరూ ఒకే మేడ మీద పక్క పక్క గదుల్లో ఉంటున్నారు.

"అక్షయ అనే అమ్మాయి" అంది.

జాన్‌బాబు కిటికీ వైపు తిరిగాడు. "అయితే అదే పుస్తకంలో ఇంకో తేదీ రాయించండి" అన్నాడు.

డాక్టరు ఏమీ అడగకుండా రాసిచ్చాడు. శనివారం, పది గంటలు, మైలవరం క్లినిక్. శుక్రవారం ఉదయం కృప బాల్కనీలో నిలబడి, పక్క గదికి వినబడేంత గొంతుతో ఫోన్లో మాట్లాడింది. "ఎలీషాతో పనిచేసినతనే కదా? ఫొటోలు తెస్తాడా? సరే, రవ్వ ఇంజెక్షన్ రోజున." ఆ తర్వాత అక్షయ తలుపు తట్టింది.

"సాయంత్రం దాకా దీన్ని చూస్తావా?"

"అడగాలా అక్కా? రావే రవ్వా, నీకు ఉడకబెట్టిన గుడ్డు ఉంది." అక్షయ పుస్తకం కూడా అందుకుంది. "దురద తగ్గిందా దీనికి?"

"ఇంకా గోక్కుంటోంది" అంది కృప.

ఎలీషా ప్రాణం తీసినవాళ్లకు ఇప్పుడు ఒక్క చిక్కు. కృప ఫోన్లో చెప్పిన ఆ రెండో మనిషి ఎవరో తెలియదు. షెడ్డు పనివాడిని చూసి గుర్తు పట్టగలిగేది షెడ్డు ఓనరే. ఆ మూడు ఫొటోల్లో ఒకరు మైలవరం రాక తప్పదు. కృప లెక్క అది. లెక్క తప్పాలని కూడా ఆమెలో ఒక మూల ఉంది. ఎవరూ రాకపోతే అక్షయ తప్పు లేనట్టే.

శనివారం పది దాటి పావుగంట. మైలవరం క్లినిక్ వరండాలో ఇద్దరు రైతులు, ఒక గేదెదూడ. కృప పక్కన బెంచీ ఖాళీ. రవ్వ మెడపట్టీలో గుండీ అంత కెమెరా.

పదిన్నర. ఎవరూ రాలేదు. కృపకు కొంచెం ఊపిరి ఆడింది.

పదీ నలభైకి పంచె కట్టి, తలకు తువ్వాలు చుట్టి ఒకడు మేకను ఈడ్చుకుంటూ వచ్చాడు. కాంపౌండరు రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.

"పేరు?"

"వెంకయ్య."

"ఏం జబ్బు?"

"దగ్గు."

"ఎన్ని ఈతలు?"

"రెండు" అన్నాడతను.

పక్కనున్న రైతు మేకను కింద నుంచి పైదాకా చూశాడు. "ఓరి నాయనో! మేకపోతు రెండు సార్లు ఈనిందంట. నాకమ్ముతావేంటయ్యా?"

వరండా అంతా నవ్వింది. తువ్వాలు జారింది. రెండో ఫొటోలోని ముఖం. అంతోని.

కృప నవ్వలేదు. పైట సర్దుకుంటున్నట్టు దాని చాటున పెట్టిన మైకు దగ్గరకు వంగింది. "రెండో షెడ్డు. అంతోని."

ఆమె పెదవులు కదలడం అతను చూశాడు. చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. ఫోన్ స్క్రీన్ మీద ఎర్రగా రిమోట్ బటన్. బొటనవేలు దాన్ని తాకే లోపు కృప రవ్వ తాడును అతని మణికట్టుకు చుట్టి గుంజింది. జారిన ఫోన్‌ను కాలితో తన్నింది. అది ఫినాయిల్ బకెట్లో పడి రెండు బుడగలు వదిలింది.

గేదెదూడను తెచ్చినవాళ్లలో ఒకరు రైతు కాదు. అతను అంతోని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

చెవిలో జాన్‌బాబు గొంతు వినిపించింది. "వ్యాను గేటు దగ్గర ఆపాం. ఇంజన్ ఆన్‌లో ఉంది. పెట్టె దొరికింది. వెల్ డన్, కృపా."

మేడ మెట్ల కింద మఫ్టీలో ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. కృప పది నిమిషాలు అడిగి పైకి వెళ్లింది. అక్షయ సూట్‌కేస్ సర్దుతోంది. రవ్వ తాడు విడిపించుకుని తోక ఊపుతూ ఆమె ఒళ్లోకి దూకింది. అక్షయ అలవాటుగా దాని చెవి వెనక గోకింది.

"అతని పేరు ఎలీషా" అంది కృప.

"భయపెట్టి వదిలేస్తాం అన్నారక్కా. చంపుతారని నాకు చెప్పలేదు."

"ఎప్పటి నుంచి?"

"వాళ్లతోనా? ఏడాది. నీతో గోవా నుంచి." అక్షయ కళ్లెత్తింది. "నీ మీద కన్నేసి ఉంచమని నన్ను నీ పక్కన పెట్టింది మీ జాన్‌బాబు గారే. ఆయనకు రాసే రిపోర్టులే వీళ్లకూ ఇచ్చాను. నువ్వు ఆయన్నీ అడగాలి."

"మరి ఎనిమిదో ఇల్లు?"

"ఓనరు కూడా డిపార్ట్‌మెంట్ మనిషే. నేను రాకపోయినా నీకు ఆ ఇల్లు వచ్చేది."

కృప రవ్వను పిలిచింది. అది రాలేదు. ఎత్తుకుని తెచ్చుకోవలసి వచ్చింది.

సాయంత్రం జాన్‌బాబుకు ఫోన్ చేసింది.

"నిజమేనా సార్?"

"ప్రొసీజర్ అమ్మా. ఏజెంట్లందరి పక్కనా ఒకరుంటారు."

"మీ పక్కన?"

"ఎలీషా ఫైలు రోడ్డు ప్రమాదంగానే క్లోజ్ చేస్తున్నాం. ఇంటివాళ్లతో మాట్లాడకండి. ఆర్డర్" అన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కృప ఎలీషా ఇంటికి వెళ్లింది. తల్లి సంపూర్ణమ్మ గుమ్మంలో కుర్చీ వేసింది. ఎవరని అడగలేదు. ఆ వారం చాలామంది వచ్చి ఉంటారు.

"ఆ పొద్దున్న పిల్లినేసుకుని ఎక్కడికి పోయాడో తెలీడం లేదమ్మా" అందామె. "జంతువులంటే వాడికి అసలు పడదు. దారిలో అది గీకి ఉంటుంది, బండి అదుపు తప్పి ఉంటుంది. మందలించడానికి కూడా వాడు లేడు."

కృప టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, లేచింది.

వ్యాను తీరానికి చేరింది. అంతోని జైల్లో ఉన్నాడు. ముఠాలో మిగిలిన నలుగురూ దొరికారు. ఆ పొద్దున్న తన కొడుకు ఎక్కడికి వెళుతున్నాడో సంపూర్ణమ్మకు ఇంకా ఎవరూ చెప్పలేదు.