పచ్చగా ఉన్న లోయ

"ఆకులు ఎర్రబడ్డాయాండీ?"

శరదృతువు వస్తే అకితా కొండల్లోని ఆ లోయకు వచ్చే ఫోన్లన్నీ ఇదే అడుగుతాయి. టూరిస్టు ఆఫీసులో కూర్చుని జవాబు చెప్పడమే కియోతక ఉద్యోగం. సెందాయ్ నుంచి మినోరి అనే అమ్మాయి మాత్రం రోజూ చేసేది. ఆకుల సంగతి అర నిమిషం, కబుర్లు పది నిమిషాలు. పదకొండో రోజున, ఈ ఆదివారం తప్పితే తనకు సెలవు దొరకదని, ఈ ఏడాదికి రావడం కుదరదేమోనని చెప్పింది.

కియోతక కిటికీలోంచి చూశాడు. లోయంతా పచ్చగా ఉంది.

"మంచి రంగు మీదున్నాయండీ. వచ్చెయ్యండి," అన్నాడు.

నోరు జారి అన్న మాట కాదది. ఆమెను ఒక్కసారి చూడాలని ఆడిన అబద్ధం.

ఆదివారం మినోరి ఒక్కతే రాలేదు. కియోతక ఎదురుచూస్తున్న స్టాపులో ఎనభై రెండేళ్ల అమ్మమ్మ సుమను చెయ్యి పట్టుకుని బస్సు దింపింది. ముసలావిడకు ఏటికేడు చూపు మందగిస్తోందట. పచ్చా నీలం ఇప్పటికే కలిసిపోయాయి, ఎరుపొక్కటే ఆనుతోంది. వచ్చే ఏడాదికి అదీ నమ్మకం లేదట. ఫోన్లో ఇన్ని కబుర్లలోనూ ఈ మాట రాలేదు.

సుమ వంతెన మీద నిలబడి, కళ్లు చికిలించి, "ఏవే ఎర్రాకులు?" అంది.

మినోరి కొండను చూసింది. తర్వాత కియోతకను చూసింది. ఆ లోయలో ఎర్రబడ్డవి అతని చెవులు మాత్రమే.

"పొరబడ్డారా?"

"లేదండీ. తెలిసే చెప్పాను. మీరు రారేమోనని."

"రెండు రైళ్లు, ఒక బస్సు మారాం. ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. నడుం వంచి క్షమాపణ అడిగాడు. తలెత్తకుండానే, పైన కనుమ దగ్గర ఆకులు ఎర్రబడ్డాయని, గంటసేపు మెట్లెక్కాలని, బామ్మగారిని తాను మోసుకెళ్తానని అన్నాడు. మినోరి వద్దంది. సుమ మాత్రం చేతికర్ర మనవరాలికిచ్చి, "వంగు అబ్బాయ్," అంది.

దారంతా ఆవిడ నోరు ఊరుకోలేదు. తన మొగుడు కూడా పెళ్లికి ముందు సొంత పడవ ఉందని కోతలు కోశాడట. పెళ్లయ్యాక చూస్తే తెడ్డు కూడా లేదట. వెనక మినోరి నవ్వు ఆపుకోవడం వినబడి, కియోతకకు ఇంకా సిగ్గేసింది.

కనుమ దగ్గర కొండంతా ఎరుపే. సుమ అతని వీపు దిగి, ఒక కొమ్మను మొహం దగ్గరకు లాక్కుని నిలబడిపోయింది. కారుతున్న కన్నీళ్లు తుడుచుకోలేదు. కియోతక దూరంగా వెళ్లి, ఆకులకు వీపు పెట్టి కూర్చున్నాడు. వాటిని చూసే మొహం లేదనిపించింది.

కాసేపటికి మినోరి ఫ్లాస్కు మూతలో టీ పోసి తెచ్చింది.

"నా కోపం పోలేదు," అంది.

"పోకూడదండీ."

"కింద లోయ ఎప్పుడు ఎర్రబడుతుంది? నిజం చెప్పండి."

"వచ్చే గురువారానికి." అతను నేలచూపులు చూశాడు. "మీకు సెలవు లేదుగా."

"లేదు. అడుగుతాను," అంది మినోరి. "ముందు ఇటు తిరిగి కూర్చోండి. టీ చల్లారిపోతోంది."