ఒక బాధకు ఒక పొరుగు

పొరుగులను ఖరారు చేసే కేంద్రంలో, ఆ రోజు పదకొండో నిర్ధారణకు హెప్సిబా మూడు సెకన్లు తీసుకుంది. వేటపాలెంలో ఆయాసంతో కూలబడిన వృద్ధుడికి రెండిళ్ల అవతలి ఉపాధ్యాయిని పొరుగుగా ఖరారయింది. తెర మీద ఎర్రచుక్క పక్కన ఆకుపచ్చ చుక్క చేరింది. ఆ వీధిలో మిగిలిన వారందరూ ఆ క్షణం నుంచి బాధ్యతా విముక్తులు.

పన్నెండోది చీరాల మార్కెట్ కూడలి. లారీలోంచి అద్దాలు దించుతుండగా ఇమ్మానుయేలు అనే కూలీకి తొడ తెగింది. అర్హుడైన పొరుగు ప్రథమ చికిత్సకుడు ఏలీషా. వాహనంలో ఆరు నిమిషాల దూరం. ఆమె ఖరారు చేసింది.

కూడలిలో నలభై మందికి పైగా నిలబడి, పిలుపు తమకొచ్చిందేమోనని మణికట్టు పలకలు చూసుకుంటున్నారు.

“నీకొచ్చిందా?”

“లేదు. నీకు?”

“నాకొస్తే ఇక్కడ నిలబడి నీతో కబుర్లెందుకు?”

వాళ్లు దుర్మార్గులు కారు. రెండు తరాల కిందట ఈ పొరుగు చట్టాన్ని, అంటే సంహితను, రాసినవారు యేసు బోధల నుంచి అద్భుతాలను, పరలోకాన్ని, పునరుత్థానాన్ని వేరుచేసి, దారిలో గాయపడిన బాటసారి కథను మాత్రం జాగ్రత్తగా ఉంచుకున్నారు. పొరుగు ఎవరన్న ప్రశ్నను మనుషుల మనసుకు వదిలేయడం అశాస్త్రీయమని భావించి, దానికి యంత్రం చేసే గణనతో సమాధానం చెప్పారు. ఒక బాధకు ఒక పొరుగు. దిక్కులేని చావులు సగానికి తగ్గిన మాట నిజమే.

అప్పుడు ముంజలమ్మే నాంచారమ్మ తన బుట్టను కింద పెట్టి వచ్చి, కొంగు మడిచి గాయం మీద అదిమింది.

యంత్రం గమనించింది. ఈ బాధకు పొరుగు దొరికింది. సగం దారిలో, రైల్వే గేటు దగ్గర, ఏలీషా వాహనం దానంతట అదే వెనక్కి తిరిగింది.

హెప్సిబా నాంచారమ్మను పలకలో పిలిచింది. “అమ్మా, చెయ్యి తీయండి. మీరుంటే వైద్యం తెలిసిన మనిషి రాడు.”

“తీస్తే రక్తం ఎగజిమ్ముతోంది. నువ్వొచ్చి పట్టుకుంటావా?”

“నేను నిర్ధారకురాలిని. నాకు అర్హత లేదు.”

“పట్టుకోడానిక్కూడా అర్హతంటమ్మా! చేతుల్లేవా నీకు?”

పర్యవేక్షకుడు తిమోతి గారు వచ్చి వెనక నిలబడ్డారు. సంహిత రాసినవారిలో మిగిలింది ఆయనొక్కరే.

“ఈమె పేరు రద్దు చెయ్యండి సార్.”

“పొరుగును రద్దుచేసే మీట లేదమ్మా. ఎవరైనా మధ్యలో వదిలేసి పోతారేమోనని మేమే పెట్టలేదు.”

 హెప్సిబా కొత్త నమోదు తెరిచి, బాధితుల వరుసలో నాంచారమ్మ పేరు రాసింది. బాధ స్వభావం: చూస్తూ ఊరుకోలేకపోవడం. ఆమెకు పొరుగుగా ఏలీషాను ఖరారు చేసింది.

“చూడటం బాధ కాదు హెప్సిబా,” అన్నారు తిమోతి గారు మెల్లగా. “దాన్ని ఒప్పుకుంటే ఊళ్లో పొరుగులంటూ ఎవరూ మిగలరు.”

ఇది బాధేనా అని యంత్రం నాంచారమ్మను అడిగింది. “అవును, బాధే. ఇదీ అడగాలా?” అందామె. వాహనం మళ్లీ మార్కెట్ వైపు తిరిగింది.

అయితే యంత్రం పక్షపాతం ఎరుగదు. అదే బాధ మరెవరికైనా ఉందా అని కూడలిలోని ప్రతి మణికట్టునూ అడిగింది. ఒక్కొక్కరే తల వంచుకుని అవునన్నారు. తెర మీద నలభై మూడు కొత్త ఎర్రచుక్కలు. అన్నిటికీ దగ్గరి అర్హుడు ఏలీషాయే. ఎవరు ముందన్నది తేలేదాకా వాహనం గేటు దగ్గర నిలిచిపోయింది.

“అండీ, నేనెటు పోవాలి?” అంది ఏలీషా గొంతు.

ఇమ్మానుయేలు నాడి సన్నగిల్లుతోంది. తెర మీద అంతా చూస్తున్నందుకు తిమోతి గారి మణికట్టు కూడా అదే ప్రశ్నతో వెలిగింది. ఆయన దాన్ని చొక్కా చేతి కిందికి లాక్కున్నారు.

“బండి దిగు ఏలీషా. పరుగెత్తు,” అంది హెప్సిబా.

“కిలోమీటరున్నర ఉందండీ.”

“తెలుసు.”

వాహనం ఖాళీ అయిందని యంత్రం హెచ్చరించింది. తెర మీద ఒక చిన్న చుక్క దాన్ని వదిలి మార్కెట్ వైపు బయల్దేరింది. చాలా నెమ్మదిగా కదులుతోంది.