మూడో నంబరు షెడ్డులో చెయ్యి

బందరు కాలవ పక్కనున్న పాత నూలు మిల్లులో మూడో నంబరు షెడ్డుకి మంచి పేరు లేదు. మిల్లు నడిచిన రోజుల్లో లేదు. మూతపడి, పాతికేళ్ళు పిచ్చిచెట్లు మొలిచిన రోజుల్లోనూ లేదు. ఇప్పుడు రంగులేసి, దీపాలు పెట్టి, 'మిల్లు యార్డ్' అని కొత్త పేరు తగిలించాక కూడా రాలేదు.

వాచ్‌మన్లు చెప్పేది ఒక్కటే. దీపాలు పెట్టే వేళకి, పడమటి కిటికీల వైపు, మిషన్ పైన ఒక చెయ్యి లేస్తుంది. మనిషి కనపడదు. మోచేతి దాకా చెయ్యి... అంతే. రమ్మంటుందని కొందరు, పొమ్మంటుందని కొందరు. ఎవరి చెయ్యో మాత్రం అందరికీ తెలుసు — నలభై ఏళ్ళ కిందట ఆ మిషన్‌లో పడి పోయిన అమలమ్మది.

ఎవడో ఈ కబురుని వీడియో చేసి వదిలాడు. వాడికి లైకులొచ్చాయి. మైలవరంలో ఒక పెద్దావిడకి మాత్రం మూడు రోజులు అన్నం దిగలేదు.

ఆవిడ పేరు సాలేహా. అమలమ్మ పోయిన రోజు ఆ మిషన్ స్విచ్ వేసింది ఆవిడే.

మిల్లులో ఒక పద్ధతుండేది. మిషన్ల మోతలో గొంతు చించుకున్నా వినపడదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. రెండు వేళ్ళు విడదీస్తే దారం తెగిందని. అరచెయ్యి నిలబెడితే ఆపమని. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఆడించమని. మిషన్ కింద దూరి దూది తీసే మనిషి, పనయ్యాక బయటికొచ్చి ఆ వేలు తిప్పాలి. అవతలి చివరనున్న మనిషి అప్పుడే స్విచ్ వెయ్యాలి.

"వేలు తిరిగింది. కళ్ళారా చూశాకే వేశాను," అని సాలేహా ఆ రోజు మొత్తుకుంది. ఎవరూ నమ్మలేదు. తప్పు ఆవిడదేనని రాసి పారేశారు. అప్పుడావిడకి ఇరవై నాలుగేళ్ళు, కడుపులో బిడ్డ. అత్తింటివాళ్ళు మైలవరం తీసుకుపోయారు. మళ్ళీ బెజవాడ మొహం చూడలేదు.

ఆ కడుపులో బిడ్డే ముబీనా. ఇప్పుడు హైస్కూల్లో సైన్సు టీచరు. మిల్లు మోతకి తల్లి చెవులు ఏనాడో సగం పోయాయి గనక, మాటలొచ్చే వయసు నుంచీ ఆ పిల్ల తల్లితో చేతులతోనే మాట్లాడేది.

మూడో రోజు రాత్రి కంచం ముందు కూచుని సాలేహా అడిగింది. "అమల ఇంకా చెయ్యి ఊపుతోందా?"

ముబీనా ఆదివారం పొద్దున్నే బస్సెక్కింది. దెయ్యాలు లేవని పిల్లలకి చెప్పే మనిషి... దెయ్యాన్ని చూడ్డానికే బయల్దేరింది. ఆ చెయ్యి అరచెయ్యి నిలబెడితే, అమ్మీ 'ఆపు' అన్నదాన్ని 'ఆడించు' అనుకుని ప్రాణం తీసినట్టు. వేలు తిప్పితే, అమ్మీ చెప్పింది నిజం. ఏదైనా సరే, తెలుసుకుని తీరాలి.

పది గంటలకి గేటు దగ్గర దిగింది. ఒకప్పుడు కూలీలు వరస కట్టిన టైమాఫీసులో ఇప్పుడు టిక్కెట్లిస్తున్నారు. చేతికి కాయితం పట్టీ చుట్టి, "సాయంత్రం దాకా ఎక్కడికైనా వెళ్ళొచ్చు మేడం," అన్నారు.

వెళ్ళింది. బాయిలర్ గదిలో కాఫీ షాపు — బొగ్గు ఎత్తిపోసిన చోట మెత్తటి సోఫాలు. దూది బేళ్ళ గోడౌన్లో మంగళగిరి చీరలు, కొండపల్లి బొమ్మలు. పొగగొట్టం కింద పెళ్ళికాబోయే జంట ఒకటి ఫోటోలు దిగుతోంది. పెళ్ళికూతురు ఎండకి చిరాకుపడుతుంటే ఫోటోగ్రాఫరు నవ్వమ్మా నవ్వమ్మా అని ప్రాణం తీస్తున్నాడు. బాగానే ఉంది. నిజానికి చాలా బాగుంది. ముబీనాకి అదే కష్టంగా అనిపించింది. అమ్మీ చెవుల్ని మింగిన చోటు ఇంత ముచ్చటగా ఉంటుందని అనుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి మూడో నంబరు షెడ్డులోకి వెళ్ళింది.

మిషన్లన్నీ తీసేసి ఒక్కదాన్ని ఉంచారు. నలభై అడుగుల పొడవు. రోజూ సాయంత్రం ఆరున్నరకి రెండు నిమిషాలు ఆడించి చూపిస్తారట. ఆడించేది వెంకటకృష్ణారావు — మిల్లులో ఫిట్టరుగా చేసినాయన, డెబ్బైకి దగ్గర పడ్డాడు. మిషన్ చరిత్ర అంతా ఓపిగ్గా చెప్పాడు. ముబీనా మెల్లగా అడిగింది.

"ఇక్కడ... ఎవరో పోయారంట కదండీ?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అమలమ్మ అని ఒక మంచి మనిషి పోయిందమ్మా. స్విచ్ వేసినావిడ, అమలమ్మ వేలు తిప్పిందని చెప్పింది. అబద్ధం. తిప్పలేదు. నాకు తెలుసు, ఎంక్వయిరీలో ఆ మాటే చెప్పాను."

ఎలా తెలుసని అడగాలి. ముబీనా అడగలేదు. తల్లి జీవితాన్ని ఒక్క మాటతో తేల్చేసిన మనిషి ఎదురుగా నిలబడి, మంచినీళ్ళు తాగుతారా అమ్మా అంటున్నాడు. ఒళ్ళు మండింది. బయటికొచ్చి, చీకటి పడేదాకా కాలవ గట్టున కూచుంది.

ఆరున్నర.

షెడ్డులో పెద్ద దీపాలు ఆర్పేశారు. మిషన్ మీద ఒక్క లైటు. తాడు ఇవతల ఇరవైమంది దాకా జనం, అందరి చేతుల్లో ఫోన్లు. బయట యార్డులో ఎవరిదో పుట్టినరోజు, డీజే పెట్టారు. షెడ్డు రేకులు అదురుతున్నాయి. పక్కమనిషి మాట కూడా వినపడడం లేదు.

ఈ చివర స్విచ్ బోర్డు దగ్గర వెంకటకృష్ణారావు. ముబీనా మధ్యలో, తాడుని ఆనుకుని... కళ్ళు అవతలి చివర పడమటి కిటికీల మీదే.

ఏమీ లేదు.

కిటికీల అద్దాలు నల్లబడ్డాయి. ఏమీ లేదు. తనని తాను తిట్టుకుంది — సైన్సు టీచరంట.

అప్పుడు లేచింది.

దారం చుట్టే బాబిన్ల వరస పైన, మెల్లగా... ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. సన్నటి చెయ్యి. దూది అంటుకున్నట్టు తెల్లగా. రమ్మనడం లేదు. పొమ్మనడం లేదు. నాలుగు వేళ్ళు ముడుచుకున్నాయి. చూపుడువేలు నిలబడింది.

తిరిగింది... గుండ్రంగా. మళ్ళీ తిరిగింది.

ఆడించు.

ముబీనాకి భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అమ్మీ పొరబడలేదు. అమ్మీ చూసింది నిజం. కళ్ళనిండా నీళ్ళతో ఆ వేలినే చూస్తూ నిలబడిపోయింది.

ముబీనా ఎందుకో స్విచ్ బోర్డు వైపు తిరిగింది.

వెంకటకృష్ణారావు కూడా ఆ చేతినే చూస్తున్నాడు. సరేనన్నట్టు తలూపాడు. ఎవరి చెయ్యి అని చూడలేదు, మిల్లు మనిషి కదా — వేలు తిరిగితే స్విచ్ వెయ్యడమే వచ్చు. చెయ్యి బోర్డు మీదికి వెళ్ళింది.

ముబీనా చూపు మిషన్ కిందికి పోయింది. ఆ చివర, చీకట్లో, ఆరెంజ్ రంగు యాప్రాన్. ఊడ్చే మనిషి హన్నా. మోకాళ్ళ మీద కూచుని, ఎవరో విసిరేసిన కాఫీ కప్పు కోసం భుజం దాకా చెయ్యి లోపల పెట్టింది.

ముబీనా అరిచింది. డీజేలో ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

తాడు దాటింది. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నిలబెట్టింది.

ఆపు.

వెంకటకృష్ణారావు చెయ్యి స్విచ్ మీద బిగుసుకుపోయింది. మధ్యలో రెండు చేతులు ఆపమంటున్నాయి, ఆ చివర ఇంకొకటి ఆడించమంటోంది. ఒక్క క్షణం... చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కిటికీల వైపు మళ్ళీ ఖాళీ.

హన్నా కప్పు పట్టుకుని బయటికొచ్చింది. "ఏమైంది మేడం, షో లేదా?" అంది. జనమంతా తననే చూస్తుంటే సిగ్గుపడి, యాప్రాన్ దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

కరెంటు ఫాల్టని చెప్పి జనాన్ని పంపేశారు. వెంకటకృష్ణారావు స్టూలు మీద కూలబడ్డాడు. చొక్కా అంతా తడిసిపోయింది.

"హన్నా వేలు తిప్పిందనుకున్నానమ్మా," అన్నాడు గుసగుసగా.

"ఆమె చెయ్యి లోపలే ఉందండీ."

"మరి... నేను చూశాను."

"నేనూ చూశాను."

ఇద్దరూ కిటికీల వైపు చూడలేదు.

"ఆపమనే సైగ మీకెవరు నేర్పారమ్మా?"

"మా అమ్మ. సాలేహా."

ఆయన స్టూలు మీంచి లేచాడు. "బతికే ఉందా? ఒక్కసారి చూపిస్తావా తల్లీ," అన్నాడు.

వీడియో కాల్ కలిపింది. తెర మీద సాలేహా మొహం. వెనక షెడ్డు ఇనప దూలాలు గుర్తుపట్టి ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ముబీనా గట్టిగా చెప్పింది. "అమ్మీ, వేలే తిప్పింది. నువ్వు చూసింది నిజం."

సాలేహా మొహంలో సంతోషం లేదు. "నాకు తెలుసు," అంది. "తెలుసు కాబట్టే... నలభై ఏళ్ళుగా దాన్ని తిట్టుకుంటున్నాను. ఏ బాధతో చచ్చిపోవాలనుకుందో నాకు చెప్పలేదు. లోపలుండి వేలు తిప్పి, ఆ పాపం నా చేత చేయించి పోయింది. ఒక్క రోజు కూడా దానికోసం దువా చెయ్యలేదు."

ముబీనా నిర్ఘాంతపోయింది. అమ్మీ నింద మోస్తోందనుకుంది ఇన్నాళ్ళూ. ప్రాణస్నేహితురాలి మీద కోపాన్ని మోస్తోందని తెలియదు.

వెంకటకృష్ణారావు ఫోను దగ్గరికి జరిగాడు. తల అడ్డంగా ఊపాడు. చేతులతోనే చెప్పాడు. రెండు చేతులూ ముందుకు చాపి, కిందికి వంచి, మణికట్టు దాకా మిషన్ లోపలికి పోయినట్టు చూపించాడు. రెండూ. ఆ చేతుల్ని బయటికి తీసింది తానేనని తన గుండె మీద తట్టుకున్నాడు.

సాలేహా తెర దగ్గరికి వంగింది.

"రెండూనా?"

"రెండూ సాలేహమ్మా. అందుకే నువ్వు అబద్ధం చెప్పావనుకున్నాను. ఎత్తడానికి అమలమ్మకి చెయ్యేది?"

ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి రావడానికి కొంతసేపు పట్టింది. వచ్చాక ఆగలేదు. అమలా, అమలా అని ఒకటే పిలుపు, నలభై ఏళ్ళ తర్వాత. ముబీనా ఫోను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

చివరికి సాలేహా తల ఎత్తింది. "మరి ఆ చెయ్యి ఎవరిది?"

"తెలీదమ్మా. నేను పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రీ చెప్పేవాడు... మూడో నంబర్లో చెయ్యి ఒక్కటే చూసి స్విచ్ వెయ్యకండ్రా, మొహం కూడా చూడండి అని. ఎందుకో చెప్పలేదు. ముసలాయన చాదస్తమని నవ్వుకునేవాళ్ళం."

అంటే అమలమ్మకి ముందు నుంచీ...

మర్నాడు ముబీనా తల్లిని గుణదల క్రైస్తవుల శ్మశానానికి తీసుకెళ్ళింది. సమాధుల మధ్య అమలమ్మని వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. సాలేహా అక్కడే కూచుని, సాయంత్రం దాకా చేతులతో ఏవో కబుర్లు చెప్పింది.

వెంకటకృష్ణారావు ఆ రోజే పని మానేశాడు. ఎందుకు మానేశాడో యార్డు వాళ్ళకి చెప్పాడు, వాళ్ళు మర్యాదగా విన్నారు. షో మాత్రం ఇప్పటికీ ఉంది. సాయంత్రం ఆరున్నరకే. ఈసారి వెళ్ళినప్పుడు మిషన్ని చూడకండి. స్విచ్ దగ్గరున్న కుర్రాడు ఎవరిని చూసి తలూపుతున్నాడో చూడండి.