మంగళవారం పౌడరు

“ఈ నూడుల్స్‌లో జింకు ఇంతా!” పిల్లలంతా ఒక్కసారిగా మిషన్ మీదికి వంగారు.

పాఠం చెబుతున్న వీరయుత్ సార్ కూడా వాళ్ల మధ్యలోంచి తల దూర్చి అంకె చూశాడు. రోజూ తినే తిండిలో లోహాలెంతో కొలవడం నేర్పే క్లాసు అది. ఒక గుంపు ఎండురొయ్యలు తెచ్చింది. ఇంకో గుంపు, సోంగ్‌ఖ్లా ఊళ్లో ఇంకేం దొరకనట్టు, కాలేజీ గేటు ముందు అమ్మే బియ్యపు నూడుల్స్ తెచ్చింది. అవి ల్యాబ్ చూసుకునే ఒరవాన్ వాళ్లమ్మ చేసినవి.

ఏడాదిగా ఒరవాన్ అంటే సార్‌కి ప్రాణం. “బాగున్నారా” దాటి ఒక్క మాట అని ఉంటే ఒట్టు. అందుకే ఆ నూడుల్స్ కనబడగానే గ్లవ్స్ సంగతి మరిచి, స్వయంగా చేత్తో నలిపి తూచాడు.

జింకు ఉండాల్సినదానికి ఏడింతలు వచ్చింది.

“అక్కా, మీ అమ్మ పిండిలో ఏం కలుపుతుంది?” అందో పిల్ల ఒరవాన్‌తో.

“బియ్యం, నీళ్లు, ఓపిక. ఇంకేం కలుపుతుందే?” ఒరవాన్ ముఖం ఎర్రబడింది. “ఖాళీ గొట్టం పెట్టండి సార్. అందులో తిండి లేదు, తిండిని కరిగించే యాసిడ్ ఒక్కటే. చూద్దాం.”

దాంట్లోనూ జింకే!

ఒరవాన్ గొంతు తగ్గింది. “అయితే తప్పు యాసిడ్‌దే. కలిపింది నేను. నా పేరే రాసేయండి.”

నోరు మూసుకుంటే సార్ పరువు దక్కేది. కానీ ఆ అమ్మాయి తల దించుకుంటే చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

“ఆ గొట్టం నింపింది నేను. నా చేతులకి చెమటకాయల పౌడరుంది. అందులో జింకు ఉంటుంది.”

“మీకు చెమటకాయలా?” ఒరవాన్ తలెత్తింది.

“లేవు.”

“మరి?”

“మంగళవారం మంగళవారం నా క్లాసు ఈ ల్యాబ్‌లో. ఇక్కడ మీరుంటారు కదా. జిడ్డోడుతూ కనబడకూడదని...”

ల్యాబంతా గొల్లున నవ్వింది. “డబ్బా అంతా పూశారా సార్!” అన్నాడొకడు.

ఒరవాన్ నవ్వు రాకుండా పెదవి బిగబట్టింది గానీ, కళ్లు ఆమె మాట వినలేదు. “మోచేతుల దాకా కడుక్కురండి” అంటూ గ్లవ్స్ చేతిలో పెట్టింది.

కొత్త యాసిడ్‌తో, కొత్త నూడుల్స్‌తో మళ్లీ కొలిచారు. జింకు ఎంతుండాలో అంతే ఉంది. పిల్లలు బల్లలు చరిచారు.

వాళ్లు వెళ్లాక సార్ గొంతు సవరించుకున్నాడు. “మీ అమ్మగారికి నేనే వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను.”

“మా అమ్మకి జింకూ గింకూ తెలీదు సార్. పౌడరు ఎవరి కోసం పూసుకున్నారో అది చెప్పండి, చాలు.” ఒరవాన్ గడియారం వైపు చూసింది. “నాలుగింటికి కొట్టు కట్టేస్తుంది. ఇప్పటికే ఏడాది ఆలస్యం చేశారు.”