వెర్లిన్ వారంటీ ఎందుకు కొన్నాడు

బుధవారం పొద్దున వంటింటి గోడకున్న ఫోను మోగేసరికి గ్లెండా గుడ్లు వేయిస్తోంది. పెనం మీంచి చూపు తిప్పకుండానే రిసీవరు అందుకుంది.

"గుడ్ మార్నింగ్ మేడమ్, మీ స్పోర్ట్స్ కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి..."

ఆమె మిగతాది వినలేదు. ఫోను పక్కన మేకుకు వేలాడుతున్న విజిలు తీసి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊదు ఊది, ఫోను ఠక్కున పెట్టేసింది. వారంటీ పేరు చెప్పి పెద్దవాళ్ల దగ్గర డబ్బు లాగే ఫోన్లు ఆ ఊళ్లో రాని ఇల్లంటూ లేదు. విజిలు కొనుక్కొచ్చి అక్కడ మేకు కొట్టినవాడు ఆమె భర్త వెర్లినే.

"మూడు రోజుల్లో ఇది మూడోది. ఈసారి చెవి చిల్లులు పడి ఉంటుంది దొంగమొహానికి!" అంది గెలిచినదానిలా.

వెర్లిన్ నవ్వలేదు. కాఫీ కప్పు ఎడమచేత్తో కింద పెట్టాడు.

"అది దొంగ ఫోను కాదు గ్లెండా. వాళ్లు నిజం వాళ్లే. నేనే కొన్నాను. వివరాలు సరిచూసుకోడానికి చేస్తున్నారు పాపం."

"ఏం కొన్నావ్?"

"వారంటీ. ఎర్ర కారుకి."

గుడ్లు మాడుతున్న వాసన వచ్చాక గానీ ఆమె పొయ్యి ఆపలేదు.

ఎర్ర కారు అంటే ఇద్దరే కూర్చునే తొమ్మిదేళ్ల నాటి స్పోర్ట్స్ కారు. ముప్ఫై ఎనిమిదేళ్లు జిల్లా గరాజులో స్కూలు బస్సులు బాగు చేసి, రిటైరయ్యాక మొన్న ఏప్రిల్లో వెర్లిన్ తన ముచ్చట తీర్చుకున్నాడు. ఆ రోజు గ్లెండా పక్కనే ఉంది. అమ్మేవాడు వారంటీ కాగితం ముందుకు జరిపితే వెర్లిన్ రెండు చేతులూ బల్ల మీద పరిచి, "ఇదిగో బాబూ నా వారంటీ. ఒకటి ఎడమది, ఒకటి కుడిది" అన్నాడు. దారంతా ఆ మాటే చెప్పుకుని నవ్వాడు కూడా. అలాంటి మనిషి, నాలుగు నెలలు తిరక్కుండా, ఆమెతో మాట మాత్రం అనకుండా, పోస్టులో ఇంకెవరి దగ్గరో వారంటీ కొన్నాడు.

"ఎందుకయ్యా?" అని అడిగింది.

"ఉంటే మంచిదని" అంటూ అతను టోపీ పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

గ్లెండా సొరుగు తెరిచి ఆ కాగితాలు వెతికి చదవడం మొదలుపెట్టింది. చదివేకొద్దీ అయోమయం పెరిగింది. విరిగితే బాగుచేస్తారట. అరిగి విరిగితే చేయరట. తొమ్మిదేళ్ల బండిలో అరగకుండా విరిగేది ఏముంటుంది? రేపటి సంగతి దేవుడి మీద వదలమని ఆదివారం ఆదివారం చర్చిలో తలాడించి వస్తాం కదా, మరి ఇలా ఇరవై రెండు పేజీలకు సంతకం పెట్టడం నమ్మకమా, అపనమ్మకమా? అదీ తేలలేదు ఆమెకు. ఇవేవీ కాదు అసలు భయం. వెర్లిన్ అన్న మెర్ల్‌కి మతి తప్పడం సరిగ్గా ఇలాగే మొదలైంది. అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉంటూ, గడ్డి కోసే యంత్రాలు రెండు పోస్టులో తెప్పించుకున్నాడాయన. ఏడాది తిరిగేసరికి తమ్ముణ్ణి "ఎవరండీ మీరు?" అని అడిగాడు.

ఆమె కూతురికి ఫోన్ చేసింది.

బెథనీ మధ్యాహ్నం భోజనం వేళకి ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. కోటు విప్పకుండానే కాగితాలు అందుకుంది.

"ముప్ఫై రోజుల్లోపు వద్దంటే డబ్బు మొత్తం వెనక్కిస్తారు. గడువు ఎల్లుండి శుక్రవారం. అమ్మా, పెన్ను ఇలా ఇవ్వు."

"ఎవరి కాగితాల మీద ఎవరమ్మా సంతకం పెట్టేది?" అన్నాడు వెర్లిన్ గుమ్మంలో నిలబడి.

"నువ్వే పెడతావు నాన్నా. పద్నాలుగో పేజీ చూశావా? ఆయిల్ మార్చడం, బ్రేకులు చూడడం అన్నీ షాపులోనే చేయించాలట, రసీదులు దాచాలట. సొంతంగా చేసుకుంటే వారంటీ చెల్లదట. నువ్వేమో జీవితంలో షాపు గడప తొక్కలేదు. నిన్ను నిలువునా ముంచారు!"

"ఆ పేజీ చదివాను."

"చదివే కొన్నావా?"

"రెండుసార్లు చదివి కొన్నాను."

బెథనీ తల్లి వైపు చూసింది. గ్లెండా తన కప్పులోకి చూసుకుంది.

"సరే నాన్నా, ఇది చెప్పు. ఆ వైపు కుర్చీలో ఎందుకు కూర్చుంటున్నావ్? నా చిన్నప్పటి నుంచీ నీ కుర్చీ కిటికీ పక్కది. నెల నుంచీ దాన్ని వదిలేసి, ఒకప్పటి నా కుర్చీలో కూర్చుంటున్నావని అమ్మ చెప్పింది."

"ఎండ కళ్లల్లో పడుతోంది."

"నలభై ఏళ్లుగా పడని ఎండ ఇప్పుడు పడుతోందా? పెదనాన్న కూడా ఇలాగే ఏదో ఒక కారణం చెప్పేవాడు. శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం. అప్పటిదాకా కారు తాళాలు నా దగ్గర ఉండనీ."

"తాళాలా?" వెర్లిన్ మొహం కారు కంటే ఎర్రబడింది. "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? నా బుర్ర నీ బుర్ర కంటే బాగా పనిచేస్తోంది, తెలుసా?"

"అయితే చెప్పు! ఎందుకు కొన్నావో ఒక్క ముక్క చెప్పు చాలు!"

అతను నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆ మూసుకోవడం గ్లెండా చూసింది. గుర్తులేదు, పాపం గుర్తులేదు అనుకుంది. సూపు డబ్బా తెస్తానని వంక పెట్టి గరాజులోకి వెళ్లింది, ఏడుపు వాళ్ల కంట పడకుండా.

గరాజులో సూపు డబ్బాల అల్మరా పక్కనే ఎర్ర కారు నిలబడి ఉంది. కళ్లు తుడుచుకుంటూ చూసిందామె. కారు మీద దుమ్ము. ఇంత చక్కటి సెప్టెంబరు ఎండలో, దుమ్ము! ఎప్పుడు చివరగా బయటికి తీశాడు? కారు కింద పరిచిన అట్ట నల్లగా నూనె తాగి ఉంది. పక్కన కొత్త ఆయిల్ ఫిల్టరు, పెట్టె కూడా విప్పలేదు. పని బల్ల మీది కాఫీ డబ్బాలో బొటనవేలంత బోల్టు ఒకటి ఉంది. దాని మరలు నలిగి చదునైపోయాయి. నలభై మూడేళ్లుగా మెకానిక్ పెళ్లాం అయిన ఆమెకు ఆ బోల్టు తెలియకపోదు. పాత ఆయిల్ వదిలేటప్పుడు ఇంజను అడుగున విప్పేది.

"నేనే పాడు చేశాను."

వెర్లిన్ ఆమె వెనకే వచ్చాడు.

"బోల్టు అడ్డంగా ఎక్కించేశాను గ్లెండా. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ తప్పు చేస్తే గరాజు దద్దరిల్లేలా తిట్టేవాణ్ణి. వేళ్లకి తెలియాలి కదా, మర సరిగ్గా కూర్చుందో లేదో. నాకు తెలియలేదు. బలమంతా పెట్టి తిప్పేశాను." కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో పరాయి వస్తువును చూసినట్టు చూసుకున్నాడు. "ఈ మూడు వేళ్లకీ నెలన్నర నుంచి ఏమీ తెలియడం లేదు."

గ్లెండా అతని మొహంలోకి చూసింది.

"అంటే నీ మతి బాగానే ఉందా?"

"నా మతికేం? చెయ్యే పోయింది."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఓరి నా మొగుడా! మెర్ల్ బావలా అయిపోయావని పొద్దుట్నుంచీ చచ్చిపోతున్నాను. చెయ్యి పోతే పోయింది, నోరేమైంది? చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? షాపుకి తీసుకెళ్తే అక్కడున్న ప్రతివాడూ నా దగ్గర పని నేర్చుకున్నవాడే. 'ఏంటి బాస్, మీరు చేసుకోలేదా?' అంటారు. ఈ కాగితం ఉంటే, 'ఏం చెయ్యనురా, రూలు అలా ఉంది, నన్ను ముట్టుకోనివ్వరట' అనొచ్చు."

అప్పటికి గానీ గ్లెండాకు అర్థం కాలేదు. బెథనీ ఏ ముక్క చూసి మోసమందో, ఆ ముక్క కోసమే అతను కొన్నాడు. ఇరవై రెండు పేజీల్లో అతనికి కావలసింది ఆ ఒక్క పేజీయే.

"ఆ కుర్చీ సంగతి?" అని అడగబోయి ఆగిపోయింది. భోజనం ముందు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆ ఇంటి అలవాటు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే అతని కుడిచెయ్యి ఆమె చేతిలోకి వస్తుంది. ఇవతలి కుర్చీలో అయితే ఎడమది. నెల రోజులుగా కళ్లు మూసుకుని ప్రార్థిస్తూ, తన చేతిలో ఏ చెయ్యి ఉందో చూసుకోలేదు తను. ప్రభూ, నేను దేని మీద ధ్యాస పెట్టి ప్రార్థిస్తున్నట్టు?

లోపల ఫోను మోగింది.

ఇద్దరూ వచ్చేసరికి బెథనీ విజిలు నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది. గ్లెండా దాన్ని లాగి ఏప్రన్ జేబులో వేసుకుంది.

"ఉన్నారమ్మా, ఇస్తున్నాను. పొద్దున మీ చెవి బాగానే ఉందా? క్షమించాలి, దొంగలనుకున్నాను" అని రిసీవరు వెర్లిన్ చెవి దగ్గర తనే పట్టుకుంది.

అవతలి అమ్మాయి గొంతు అందరికీ వినిపిస్తోంది. పేరు, ఊరు, బండి నంబరు. తర్వాత, "కారు సర్వీసు ఎవరు చేస్తారండీ? మీరు సొంతంగా చేసుకోరు కదా?"

వెర్లిన్ రూలు సంగతేదో అనబోయాడు. ఎదురుగా కూతురు. అప్పటికే తీసేసుకున్న కారు తాళాల గుత్తి గుప్పిట్లో పట్టుకుని, చిన్నపిల్లలా భయంగా చూస్తోంది.

"చేసుకోను" అన్నాడు ఆమె వైపే చూస్తూ. "చేసుకునేవాణ్ణి. ఇప్పుడు నా కుడిచెయ్యి పనిచెయ్యడం లేదమ్మా. షాపులోనే చేయిస్తాను."

"అలాగేనండీ, రాసుకున్నాను" అంది ఆ అమ్మాయి, వాన పడుతోందని విన్నంత మామూలుగా.

ఫోను పెట్టేశాక బెథనీ తాళాలు బల్ల మీద పెట్టి తండ్రి భుజం మీద తల ఆన్చింది.

"పిచ్చి నాన్నా! ఎంత భయపెట్టావు!"

"డాక్టరు దగ్గరికి శుక్రవారమేగా అన్నావు? వెళ్దాం. చెయ్యి చూపించుకుంటాను. బుర్ర జోలికి మాత్రం రాకూడదు."

గ్లెండా టమాటా సూపు వడ్డించి, చీజ్ బ్రెడ్డు కాల్చి పెట్టింది. వెర్లిన్ రెండు కుర్చీల మధ్యా ఒక్క క్షణం నిలబడి, కిటికీ పక్కకు వెళ్లి తన పాత కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి బల్ల మీదికి చాపాడు.

గ్లెండా ఆ చేతిని అందుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇవాళ ప్రార్థనకు ఏ మాట ముందు అనాలో తెలియక, వాటిని గట్టిగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు" అన్నాడు వెర్లిన్, కళ్లు మూసుకుని. "అయినా వదలకు."