చివరి ల్యాబులో టక్... టక్... టక్

ఆ కాలేజీలో రెండో అంతస్తు చివరి ల్యాబు పేరెత్తితే చాలు, మొనగాళ్లు కూడా మాట మార్చేవాళ్లట. చీకటి పడ్డాక లోపలినుంచి చప్పుడు... టక్... టక్... టక్. సరిగ్గా మూడే. తలుపుకి తాళం, లోపల నరమానవుడు లేడు. వాచ్‌మన్ బాబాయి రెండుసార్లు విన్నాడు. మూడోసారి వినే సరదా లేక, మెట్ల దగ్గర మెయిన్ స్విచ్ పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాయడం మొదలుపెట్టాడు.

లోపల ఉన్నదల్లా సగంలో ఆగిపోయిన మరచెయ్యి, అదే రోబో చెయ్యి. దాన్ని కట్టింది ఇద్దరు. అందులో ఒకడు టేపుగాడు — తెగిన చెప్పుకైనా, చిరిగిన పుస్తకానికైనా వాడి దగ్గర నల్ల టేపే మందు. మూడు వారాల కిందట ల్యాబు నుంచి రాత్రి ఇంటికెళ్తూ లారీ కింద పడి పోయాడు. రెండో మనిషి వాడి స్నేహితురాలు.

ఆ పిల్ల గుండెలో ఉన్నది దెయ్యం భయం కాదు, అంతకంటే పెద్దది. వాడు పోయిన రోజు సాయంత్రం మరచేతి భుజం మోటారు కదల్లేదు. వైరింగ్ వాడిది, ప్రోగ్రాం తనది. తీగ బోర్డు మీద తొమ్మిదో నంబరులో ఉండాలని తను, డ్రాయింగ్‌లో ఆరే ఉందని వాడు. మాటా మాటా పెరిగింది. "నీ చెయ్యి పడ్డాక ఏదైనా బాగుపడిందిట్రా?" అనేసి వెళ్లిపోయింది. అదే ఆఖరి మాట. అంటే... వాడు తన మీద కోపంతోనే పోయాడా?

తెల్లారితే ప్రాజెక్టు పరీక్ష. ఆ మరచెయ్యి నీళ్ల గ్లాసును ఒలకకుండా ఎత్తిపెట్టాలి. తాళం తీయక తప్పదు.

"వద్దు తల్లీ," బాబాయి గొంతు తగ్గించాడు. "కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోగుతోంది... వాడే..."

"కోపమైతే నాకే చూపించనీ బాబాయ్."

లోపల దుమ్ము. బల్ల మీద మరచెయ్యి ముడుచుకుని ఉంది. దాని స్విచ్ వేసే ఉంది — ఆ రాత్రి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. మీటరు పట్టుకుని తీగలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. భుజం మోటారు తీగ దగ్గర వేలు ఆగింది. ఆరులో లేదు... తొమ్మిదిలో ఉంది. దాని చుట్టూ కొత్త టేపు.

కరెంటు పోయింది.

చీకటి... తన ఊపిరి తనకే వినబడుతోంది... కరెంటు వచ్చింది.

మరచెయ్యి లేచింది.

ఎవరూ తాకలేదు, ఏ మీటా నొక్కలేదు. మెల్లగా తిరిగింది... బల్ల చివరకు వంగింది... ఉత్త గాలిని వేళ్లతో పట్టుకుంది... పట్టుకుని, ఆ పిల్ల రోజూ కూర్చునే కుర్చీ వైపు వచ్చింది. మరచెయ్యి కిందికి దిగి, వేళ్లు విప్పి, బల్లను కొట్టింది.

టక్... టక్... టక్.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం టీ తెచ్చి ముందు పెట్టి, వాడు వేలితో బల్ల మీద కొట్టేది అలాగే. "తాగవే, చల్లారిపోతోంది," అనేవాడు.

అప్పుడు చూసింది. మరచెయ్యి వంగిన చోట నల్ల టేపుతో గుండ్రటి గుర్తు. తన కుర్చీ ముందు ఇంకొకటి. రెండూ గ్లాసు అడుగంతే.

దెయ్యమూ లేదు, పాడూ లేదు. ఆ ప్రోగ్రాం తను రాసిందే. మరచేతిని పట్టుకుని ఒక్కసారి కదిపి చూపిస్తే అది గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు వచ్చినప్పుడల్లా ఆ కదలికే మళ్లీ చేస్తుంది. తను అలిగి వెళ్లాక వాడు తీగను తను చెప్పిన నంబరులోకే మార్చాడు. ఆ ఇనుప వేళ్లను పట్టుకుని కదిపి, తనకి టీ అందించడం దానికి నేర్పాడు. పొద్దున్న చూపించి నవ్విద్దామనుకున్నాడు కాబోలు. పొద్దున్న అంటూ వాడికి మిగల్లేదు.

ఆ పిల్ల నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వాడికి కోపం లేదు. తిట్టిన మనిషికి టీ ఇవ్వడం కోసం రాత్రిదాకా కూర్చున్నాడు.

చాలాసేపటికి లేచి, సీసాలో నీళ్లు గ్లాసులో పోసి మొదటి గుర్తులో పెట్టింది.

మెట్ల దగ్గర్నుంచి బాబాయి కేకేశాడు. "తల్లీ... కనబడ్డాడా?"

ఆమె కళ్లు తుడుచుకుని తన కుర్చీలో కూర్చుంది.

"బాబాయ్... ఆ మెయిన్ స్విచ్ ఒక్కసారి ఆపి వెయ్యవా?"