ఎడమ ఫ్లాష్ పరేషాన్

"ఏం పిలగా, మళ్ల గదే! మా పిల్ల ఎనక మొగులైనట్టున్నది."

భీమమ్మ ఫోటోను కౌంటర్ మీద పడేసింది. ఫోటోగ్రాఫర్ బాల్‌రాజ్ దాన్ని తీసి చూశాడు. తాండూరులో అతని స్టూడియోకు ఎదురుగా ఉన్న నాపరాళ్ల దుకాణం భీమమ్మ వాళ్లదే. మనవరాలు వైశాలికి వికారాబాద్ సంబంధం వచ్చింది. వాళ్లకు పంపడానికి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో కావాలి. పెళ్లిపిల్ల వెనక నీడ కనబడితే మంచిది కాదని భీమమ్మ పట్టు.

"అవ్వా, గీసారి పాల లెక్క తెల్లగ వస్తది. రాకుంటె దుకాణం బంద్ జేస్త."

"జెయ్యి మరి. రేపటిసంది గీడ మిర్చి బజ్జీలు పెట్టు," అంది పక్కనే ఉన్న వైశాలి, కళ్లతోనే నవ్వుతూ.

ఆ నవ్వుకే బాల్‌రాజ్ ఏడాదిగా పడి చస్తున్నాడు. చెప్పే ధైర్యం మాత్రం లేదు. ఇప్పుడు ఆమెను ఇంకొకరి ఇంటికి పంపే ఫోటో తన చేత్తోనే తీయాలి. బాగా వస్తే పిల్ల పోతుంది, రాకపోతే పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భీమమ్మ కుర్చీలో కూర్చుంది. బాల్‌రాజ్ తెల్లగుడ్డకు అటొకటి ఇటొకటి చిన్న ఫ్లాష్‌లు నిలబెట్టాడు. రెండూ గుడ్డకు సమాన దూరంలో ఉంటేనే తెలుపు అంతటా ఒకేలా పరుచుకుంటుంది. ఉత్త గుడ్డను ఒకసారి ఫోటో తీసి చూసుకున్నాడు. మచ్చ లేదు!

"ఆగు ఫోటో సార్, జర జడ సర్దుకుంట," అంది వైశాలి. అద్దం ఎడమ ఫ్లాష్ పక్కనే ఉంది.

ఆమె వచ్చి నిలబడ్డాక తీస్తే, ఎడమవైపంతా బూడిద రంగు. చూస్తే ఆ ఫ్లాష్ ఆరిపోయి ఉంది. సెల్స్ ఖరాబయ్యాయనుకుని తిట్టుకుంటూ కొత్తవి వేశాడు. వైశాలి మళ్లీ అద్దం దగ్గరికి నడిచింది. కంగారులో అతని వేలు కెమెరా బటన్ మీద పడింది.

కెమెరా తెర మీద వైశాలి! నాలుక కరుచుకుని, ఫ్లాష్ స్విచ్ మీద వేలు పెట్టి.

స్టాండు సర్దుతున్నట్టు ఆమె పక్కకు చేరాడు. "గిదేంది?" అన్నాడు గుసగుసగా.

"ఇప్పటికి సమజైందా? ఫోటో మంచిగొస్తే వికారాబాద్ పోతది. దాని ఎనక నేను పోవాలె. పొమ్మంటవా?"

"వద్దు," అన్నాడు బాల్‌రాజ్.

"నాకు చెప్తే ఏమొస్తది? గా కుర్చీల కూసున్నామెకు చెప్పు."

అతను భీమమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, గీ ఫోటో పంపకు. వైశాలంటె నాకు పానం. మీరు ఒప్పుకుంటె నేనే చేసుకుంట."

భీమమ్మ కళ్లద్దాలు సర్దుకుని మనవరాలి వైపు చూసింది. "నువ్వేమంటవే?"

"ఫ్లాష్ ఆపింది నేనే, నాయినమ్మా."

"ఓసి నీ నోట్ల మన్నువడ!" తిట్టబోయి ముసలామె నవ్వేసింది. "మీ అమ్మను మా ఇంటికి తోలు పిలగా, మాట్లాడుకుంటం. దీని నాయినకు నేను చెప్పుకుంట. ముందుగాల గా లైట్లు ఎలిగించి ఇద్దరు నిలబడుండ్రి. ఏది ఒత్తాల్నో నాకు చూపియ్యి."

భీమమ్మ బటన్ ఒత్తగానే ఫ్లాష్‌లు రెండూ ఒక్కసారే మెరిశాయి. ముగ్గురూ కెమెరా తెర మీదికి వంగారు. వెనక గుడ్డ మూలమూలా పాలనురుగే. ఫోటోలో ఇద్దరి తలలే లేవు. కింద చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"నీడ లేదు గద," అంది భీమమ్మ గర్వంగా. "గంతే చాలు."